వేమూరులో ఆగే బండి

నా డైరీల్లో ఆయన పేరు ఎక్కడా లేదు. వెతికి చూశాను. "పక్కింట్లో స్నానం మొదలయ్యాక భోజనాలకి లేచాం." "పక్కింటి స్నానం వేళకి కరెంటు పోయింది." "పక్కింట్లో ఇవాళ స్నానం లేదు, పిల్లవాడికి జ్వరం." అన్నీ ఇలాంటివే. ఎండ ఎలా కాసింది, ఎవరు వచ్చి వెళ్ళారు, ఎవరికి ఒంట్లో బాగోలేదు అన్నవి నాలుగు వాక్యాలు రాసుకుని పడుకోవడం చిన్నప్పటినుంచీ నా అలవాటు. ఆ నాలుగింట్లో ఒకటి చాలాకాలంపాటు పక్కింటి స్నానం గురించే. పోయిన నెల ఆయన పోయాడు. ఇప్పుడు ఆ వాక్యం చోట ఏం రాయాలో నాకు తోచడం లేదు.

రేపల్లెలో మా రెండిళ్ళకీ నడుమ ఒకటే పిట్టగోడ. నేను కరెంటాఫీసులో గుమాస్తాగా ఆ ఇంట్లో అద్దెకు దిగి, ఉద్యోగం అయిపోయాక కూడా అక్కడే ఉండిపోయాను. మా వంటింటి కిటికీలోంచి వాళ్ళ పెరట్లో స్నానాల గచ్చు కనిపిస్తుంది. ఆయన పని ఐసు ఫ్యాక్టరీలో. నిజాంపట్నం బోట్లలో చేపల మీద పోసే ఐసు అలాంటి చోట్ల నుంచే వెళుతుంది. పొద్దుట్నుంచీ దిమ్మలు లాగి, గోనెపట్టాల్లో చుట్టి, లారీకెక్కించి, సాయంత్రం సైకిలు మీద ఇంటికొచ్చేసరికి ఆయన అరచేతులు తెల్లగా, ముడతలు పడి, నానిపోయిన కాగితంలా ఉండేవి. బట్టల్లోంచి ఘాటుగా అమ్మోనియా వాసన. టీ గ్లాసుని మేమంతా అంచు పట్టుకుని ఊదుకుంటుంటే ఆయన గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేవాడు. వేడి తెలిసేది కాదు.

కొడుకు పుట్టగానే ఏడవలేదట. ఆ కాసేపట్లోనే జరగవలసింది జరిగిపోయింది. కాళ్ళూ చేతులూ కట్టెల్లా బిగుసుకుని ఉండేవి. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడతపడి, పిడికిలి గుండెకి ఆనుకుపోయి ఉండేది. మాట రాలేదు. నవ్వు వచ్చేది, కోపం వచ్చేది, ఎవరు తనవాళ్ళో బాగా తెలిసేది. తండ్రి వాణ్ణి దొరగారు అనేవాడు. "దొరగారు లేచారా?" "దొరగారికి ఇవాళ బెండకాయ నచ్చలేదంట." అలా వీధి మొత్తానికీ వాడు దొరగారైపోయాడు.

పగలంతా వాడి ఆలనాపాలనా తల్లిది. సాయంత్రం స్నానం మాత్రం తండ్రిది. అందులో ఇంకెవరికీ వాటా లేదు.

వస్తూనే సైకిలు గోడకి ఆనించేవాడు. చొక్కా విప్పి దండెం మీద వేసేవాడు. కాగు కింద మంట ఎగదోసి, లుంగీ పైకి కట్టి, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని వంగి నిలబడేవాడు.

"దొరగారూ, జలకాలకి వేళైందండి. బండి రెడీగా ఉంది."

లోపల్నుంచి ఒక కేక వచ్చేది. అంటే దొరగారు ఒప్పుకున్నట్టు.

వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు కలిపాక మొదటి చెంబు ఎప్పుడూ తన పాదాల మీద పోసుకునేవాడు. అదేదో శాస్త్రమేమో అని మా ఆవిడ చాలాకాలం అనుకుంది. ఒకసారి గోడ మీదుగా అడిగింది కూడా.

"శాస్త్రమా పాడా అక్కయ్యగారూ," అన్నాడు. "నా చేతులు సచ్చిపోయినాయి కదండి. వేడి చెప్పవు. కాళ్ళు అబద్ధమాడవు."

ఆ తరవాత బండి కదిలేది. తెనాలి నుంచి రేపల్లె వచ్చే పాసింజరు ఏ వరసలో ఆగుతుందో ఆయన చెయ్యీ ఆ వరసలోనే నడిచేది. "తెనాలి, తెనాలి, ఎక్కేవాళ్ళు ఎక్కండమ్మా" అంటూ నెత్తి మీద నీళ్ళు. మెడ చినరావూరు. భుజాలు జంపని. మోచేతులు వేమూరు. వీపు పెనుమర్రు, నడుము భట్టిప్రోలు, మోకాళ్ళు పల్లికోన, పాదాలు రేపల్లె. సున్నిపిండి రుద్దినంతసేపూ బండిలో గొడవలు చెబుతూనే ఉండేవాడు. జంపనిలో ఒకావిడ కోళ్ళగంపతో ఎక్కిందనీ, పుంజు తప్పించుకుని టీసీ నెత్తిన కూర్చుందనీ, టీసీ దానిక్కూడా టికెట్టు అడిగాడనీ. రోజుకో కొత్త గొడవ.

వేమూరులో బండి ఆగిపోయేది. నిజం బండికి క్రాసింగు ఎక్కడ పడుతుందో గానీ ఆయన బండికి మాత్రం రోజూ అక్కడే.

"దొరగారు సిగ్నల్ ఇవ్వలేదండి. మనం చేసేదేం లేదు."

మడతపడ్డ ఆ మోచేతి మీద సన్నటి ధారగా నీళ్ళు పోస్తూ కూర్చునేవాడు. లాగేవాడు కాదు, నొక్కేవాడు కాదు. డ్రైవరు టీకి దిగాడనేవాడు. గార్డుకి నిద్ర పట్టిందనేవాడు. పోస్తూ ఉంటే, పోస్తూ ఉంటే, ఆ చెయ్యి కొద్దికొద్దిగా జారేది. ముందు మోచెయ్యి, తరవాత మణికట్టు, ఆఖరికి పిడికిలి. వేళ్ళు విచ్చుకుని ఆయన అరచేతిలో పడేవి.

"పడిందండీ సిగ్నల్."

అప్పుడు వాడు నవ్వే నవ్వు మా వంటింట్లోకి వినిపించేది. ఆ వేళకి తండ్రిని చూడాలి. పొద్దుట్నుంచీ చెవుల దాకా ఎత్తిపెట్టుకున్నట్టుండే ఆయన భుజాలు కూడా దిగేవి. తెల్లగా పాలిపోయిన వేళ్ళకి ఎరుపు వచ్చేది. ఇద్దరూ ఒకే నీళ్ళలో తడిసి, ఒకే గచ్చు మీద కూర్చుని, ఎవరు ఎవరికి స్నానం చేయిస్తున్నారో తెలియకుండా ఉండేవారు.

పెరటి వెనక సందులో పోయేవాళ్ళు ఊరుకునేవారు కాదు. "ఏమయ్యా, ఇవాళ బండి లేటా?"

"వేమూరులో ఉందండి. రేపల్లె వచ్చాక కేకేస్తాను, ఎదురొచ్చి సామాను దింపుకుందురుగాని."

ఆయన భార్య పంపు దగ్గర గిన్నెలు తోముకుంటూ మా ఆవిడతో అనేది: "కొడుక్కి రోజూ పుష్కరాలే. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నా వీపు ఒక్కసారన్నా రుద్దాడేమో అడగండి వదినగారూ."

"నీకు టికెట్టు లేదు," అనేవాడాయన తల తిప్పకుండా. "ఇది రిజర్వేషను బండి."

రేపల్లె వచ్చాక ఆఖరు చెంబు. పిల్లలకి స్నానం చేయించి ఆఖరి నీళ్ళు తల చుట్టూ తిప్పి పోస్తూ "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అంటాం కదా. ఆయనా చెంబు తిప్పేవాడు. "శ్రీరామరక్ష" అనేవాడు. అక్కడితో ఆపి పోసేసేవాడు. రెండో మాట నీళ్ళ చప్పుడులో కలిసిపోతోందేమో అనుకున్నాను మొదట్లో. కానీ దొరగారి తరవాత పుట్టిన ఆడపిల్లకి తల్లి అదే గచ్చు మీద పోసేటప్పుడు రెండు మాటలూ స్పష్టంగా వినిపించేవి.

దొరగారు ఒళ్ళో పట్టే వయసు దాటాడు. పీట మీదకి మారాడు, తరవాత ప్లాస్టిక్ కుర్చీలోకి. అదీ చాలక తండ్రి ఒక నవారు మంచం నేయించాడు. దాని మీద పడుకోబెట్టి పోస్తే నీళ్ళు కిందికి కారిపోతాయి. వాడికి మీసం మొలుస్తున్న రోజుల్లో తెనాలిలో ఒక డాక్టరు బాగా చూస్తాడని ఎవరో చెబితే తీసుకెళ్ళాం. ఎత్తి దించడానికి ఒక మనిషి ఉండాలని నేనూ వెళ్ళాను.

డాక్టరు నెమ్మదస్తుడు. చేతులూ కాళ్ళూ ఓపిగ్గా చూసి, "ఇన్నేళ్ళు వచ్చినా ఈ చెయ్యి ఇంకా ఇంత బాగా సాగుతోందే. ఏం చేస్తున్నారండి?" అని అడిగాడు.

"సాయంత్రం వేణ్ణీళ్ళు పోస్తానండి. అంతే."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. ఆడికి బాగుంటది. నాక్కూడా బాగుంటది."

డాక్టరు నవ్వాడు. "అదే కావాలి. వేణ్ణీళ్ళకి కండరాలు వదులవుతాయి. పోసే మనిషి స్థిమితంగా ఉంటే పిల్లవాడి మనసు కూడా వదులవుతుంది. మీ ఇద్దరికీ అది మందే." తరవాత కాగితం మీద ఏదో రాస్తూ, తలెత్తకుండా అన్నాడు: "కానీ ఇంకొకళ్ళకి కూడా అలవాటు చెయ్యండి. ఇప్పట్నుంచే. వాడు బరువెక్కుతాడు. మీరు పెద్దవాళ్ళవుతారు."

"అలాగేనండి," అన్నాడాయన.

తిరుగు ప్రయాణంలో దొరగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి తన భుజంతో ఆనించి పట్టుకున్నాడు. బండి వేమూరులో ఆగింది. వాడు తండ్రి మొహంలోకి చూసి, తన మోచేతి వంక చూసి, పెట్టెలో అందరూ ఉలిక్కిపడేలా ఒక కేక పెట్టాడు. తండ్రి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "చూశారా బావగారూ, ఇది నిజం వేమూరని కనిపెట్టేశాడు."

ఆ నవ్వు తగ్గాక నేనన్నాను: "డాక్టరు చెప్పింది విన్నావుగా?"

"విన్నానండి."

"మరి అమ్మాయికి నేర్పు. లేదా రోజు విడిచి రోజు నేనొస్తాను. వాడికి కొత్త పోతుంది."

ఆయన కిటికీలోంచి చేల వంక చూస్తూ కూర్చున్నాడు. పెనుమర్రు దాటాక అన్నాడు: "పొద్దున లేస్తే ఐసండి. ఇంటికొస్తే మా ఆడదాని నడుంనొప్పి, పిల్ల చదువు, వీడి తిండి. ఆ స్నానం కాసేపే కదండి నాకు ఒళ్ళు తెలిసేది. అది కూడా పంచేస్తే నాకేం మిగుల్తుందండి బావగారూ?"

నా ఇబ్బంది చూసి ఆయనే సర్దిచెప్పాడు: "రేపు చూద్దాం లెండి."

ఆ రేపు రాలేదు. అమ్మాయి పెళ్ళయి బాపట్ల వెళ్ళింది. చుట్టపుచూపుగా వచ్చినప్పుడు "నేను పోస్తాను నాన్నా" అంటే, "అత్తారింట్లో చేసే చాకిరీ చాల్లేదా, కూర్చో" అనేవాడు. ఆయన భార్య పోయింది. నడుంనొప్పి అని మేమంతా అనుకున్నది లోపల ఇంకేదో అయింది. ఆవిడ పెద్దకర్మ నాడు కూడా చుట్టాలని వాకిట్లో కూర్చోబెట్టి, కాగు కింద మంట పెట్టాడు. కొందరు నొసలు చిట్లించారు. ఆ సాయంత్రం బండిలో కోళ్ళగంప ఎక్కలేదు. స్టేషన్ల పేర్లు మాత్రం వినిపించాయి, ఒకటి తరవాత ఒకటి.

ఫ్యాక్టరీ మానేశాక ఆయన చేతులకి వేడి తెలియడం మొదలైంది. అయినా మొదటి చెంబు పాదాల మీదే. కొడుకుని ఎత్తలేకపోయేవాడు. భుజం పట్టేసేది. నేను గోడ చుట్టూ తిరిగివెళ్ళి కాళ్ళ వైపు పట్టుకునేవాణ్ణి. నా చెయ్యి తగిలీతగలగానే దొరగారు చెక్కపలకలా బిగుసుకుపోయేవాడు.

"డ్రైవరు మారాడని భయమండి ఆడికి," అనేవాడాయన. "మీకు లైను తెలీదుగా." అలా అంటూ నా చేతుల్లోంచి మెల్లిగా లాక్కునేవాడు. లాక్కుంటుంటే ఆ మొహంలో కొంచెం సంతోషం కూడా కనిపించేది.

అలాంటి ఒక సాయంత్రం నేను గచ్చు అంచున కూర్చుని ఉన్నాను. ఆయన ఆఖరు చెంబు తిప్పి, శ్రీరామరక్ష అని, పోసి, తువ్వాలు అందుకున్నాడు.

"రెండో మాట అనవేం నువ్వు?" అని అడిగాను.

వాడి తల తుడవడం ఆపలేదు. చెవుల వెనక, మెడ కింద, మోచేతి మడతలో, అన్నీ తుడిచాడు.

"ఆడికి నూరేళ్ళంటే నాకు అంతకన్నా ఎక్కువుండాలి కదండి," అన్నాడు. "నా నెత్తిన చెంబు తిప్పి అనేవాళ్ళెవరున్నారు?" తువ్వాలు పిండుతూ మళ్ళీ అన్నాడు: "అనకపోతే నేనేం తండ్రినా అనిపిస్తది. అందామంటే భయమేస్తది. అందుకని సగం అని, మిగతాది రాముడికొదిలేశాను."

దొరగారు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి నవ్వాడు. స్నానం చేశాక వాడెప్పుడూ అంతే.

పోయిన నెల ఆయనకి ఊపిరి అందడం లేదని తెనాలి ఆస్పత్రిలో చేర్చారు. అమ్మాయీ అల్లుడూ బాపట్ల నుంచి వచ్చారు. దొరగారిని మా ఇంట్లో పడుకోబెట్టి, మా ఆవిడ తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ వచ్చింది. నేను తెనాలి వెళ్ళేసరికి ఆయన ముక్కుకీ నోటికీ కలిపి ఆక్సిజన్ పెట్టారు. మాట లేదు. నన్ను చూసి కుడిచెయ్యి పైకెత్తి, మణికట్టు మెల్లగా పక్కకి వంచాడు. మళ్ళీ వంచాడు. మంచినీళ్ళు అడుగుతున్నాడనుకుని నర్సమ్మ గ్లాసు తెచ్చింది.

"పోస్తున్నాం. రోజూ పోస్తున్నాం," అన్నాను.

ఎవరు పోస్తున్నారని అడగడానికి ఆయనకి నోరు లేదు. చెయ్యి ఇంకోసారి వంచి, పక్కమీద పెట్టేశాడు.

మొన్న ఆదివారం బాపట్ల వెళ్ళాను. దొరగారు ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉన్నాడు. అల్లుడికి కాలేజీ దారిలో జిరాక్సు షాపు. మంచివాడు. స్నానాలగదికి గీజరు పెట్టించాడు, గుమ్మం దగ్గర మెట్టు కొట్టించి ఏటవాలుగా సిమెంటు చేయించాడు. రేపల్లె నుంచి ఆ నవారు మంచం కూడా ఆటోలో వేసుకుని తెచ్చుకున్నారు.

"ఏం చేసినా లాభం లేదు మావయ్యగారూ," అంది ఆ అమ్మాయి. అన్న ఎడమ పిడికిలి చూపించింది. "నాన్న ఆస్పత్రికెళ్ళినప్పట్నుంచీ ఇది తెరవలేదు. గోళ్ళు లోపలికి దిగి అరచేతిలో పుండు పడింది. మందు రాద్దామన్నా విప్పనివ్వడు. బలవంతం చేస్తే ఎముక విరుగుద్దంట. ఇలాగే ఉంటే చెయ్యి తియ్యాల్సొస్తుందేమోనని డాక్టరుగారు..." అంటూ ఆపేసింది. "మీరు రోజూ చూసేవారు కదా. నాన్న ఏం చేసేవాడో చెప్పండి."

అందుకే వెళ్ళాను నేను. తెలిసినదంతా చెప్పడానికి.

ముందు ఆమెనే పొయ్యమన్నాను. తెనాలి, చినరావూరు, జంపని, ఒక్క పేరు తప్పు పోలేదు. అయితే గొంతులో తొందర ఉంది. కూతురికి అన్నం పెట్టాలి, భర్త షాపుకి వెళ్ళాలి, పొయ్యి మీద ఏదో ఉంది. వేమూరులో బండి ఆగకుండా వెళ్ళిపోయింది.

"అక్కడ ఆపాలమ్మా."

"ఎంతసేపు?"

"సిగ్నల్ పడేదాకా."

"ఎంతసేపటికి పడేది మావయ్యగారూ?"

నాకు తెలియదు. స్నానం మొదలైందని రాశాను, అయిపోయిందని రాశాను. నడుమ ఎంతసేపు ఆగేవాడో ఎప్పుడూ రాసుకోలేదు.

మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి అల్లుడు షాపు మాట మర్చిపోయి పక్కన గొంతుక్కూర్చున్నాడు. వేమూరులో ఆగారు. ఆమె ధారగా పోస్తూనే ఉంది. డ్రైవరు టీకి దిగాడని నేను చెబితే ఆమె అదే చెప్పింది. గార్డుకి నిద్ర పట్టిందని అల్లుడు అన్నాడు. దొరగారు మంచం మీద బిగుసుకుని, వీధి తలుపు వైపు చూస్తున్నాడు. బయట సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, తల అటు తిరిగేది. గీజరులో నీళ్ళు అయిపోతే గ్యాసు మీద కాచి తెచ్చారు. పోశారు. చిటికెనవేలు కదిలిందన్నాడు అల్లుడు. నాకు కనిపించలేదు. కదిలిందనే అన్నాను.

ఇక చాలని ఆమె ఆఖరు చెంబు ముంచింది. అన్న తల చుట్టూ తిప్పి, "శ్రీరామరక్ష" అని, ఆగింది.

"ఇక్కడ నాన్న ఆపేసేవాడు కదా మావయ్యగారూ. నా కూతురికైతే మొత్తం అంటాను. అన్నకెందుకు సగమే అనేవాడో నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు." చెంబు అలాగే పట్టుకుని నా వైపు చూసింది. "నేను మొత్తం అననా?"

అల్లుడు కూడా నా వైపే చూస్తున్నాడు. నాకు తెలుసు. తెలిసి చెప్పలేకపోయాను. అనమంటే ఎవరి నెత్తిన ఏం పెడుతున్నానో తెలుసు. వద్దంటే ఎవరి ఆయుష్షు గురించి వద్దంటున్నానో అదీ తెలుసు.

"నీళ్ళు చల్లారిపోతున్నాయి. ఏదో ఒకటి చెప్పండి మావయ్యగారూ."

"వేడి చూసి పొయ్యమ్మా," అన్నాను.

ఆమె కొద్దిగా తన పాదాల మీద పోసుకుంది. చెంబు మళ్ళీ తిప్పింది. శ్రీరామరక్ష అంది. ఆ తరవాత ఆమె పెదవులు కదిలాయి. నీళ్ళ చప్పుడులో ఏమందో నాకు వినిపించలేదు. దొరగారు కళ్ళు మూసుకున్నాడు. పిడికిలి గుండెకి ఆనుకుని అలాగే ఉంది.